కాళహస్తి గురువమ్మకు, మా క్లాసు పిల్లలకు కృతజ్ఞతలతో

అందరికీ నమస్కారం. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 67. ఇంత పొడుగ్గా ఎప్పుడూ ఏదీ రాసింది లేదు. మొన్న ఆదివారం మా దేవుడి గదిలో నేను వేసిన కలంకారీ గుడ్డ కట్టి, దీపం పెట్టి, చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. ఆ గుడ్డ వెనక ఎంతమంది చేతులున్నాయో నాకు తెలుసు. వాళ్లకు నలుగురి ముందు థాంక్స్ చెప్పకపోతే తప్పవుతుంది, అందుకే రాస్తున్నాను.

మాది తిరుపతి. నా సర్వీసులో సగానికి పైగా కాళహస్తి రూట్లోనే గడిచింది. రేణిగుంట, ఏర్పేడు, కాళహస్తి, మళ్లీ వెనక్కి, ఒక వైపు నలభై కిలోమీటర్లు కూడా ఉండదు, రోజుకు ఎన్ని ట్రిప్పులో. అన్నేళ్లు "కాళహస్తి, కాళహస్తి" అని అరిచిన నేను ఆ ఊళ్లో గుడికి తప్ప ఇంకో వీధిలోకి పోలేదు. మా ఆవిడ మాత్రం వెళ్లింది. పెళ్లయిన కొత్తలో దర్శనానికి వచ్చినప్పుడు ఒక ఇంటి అరుగు మీద గుడ్డ పరుచుకొని బొమ్మలు వేస్తున్నవాళ్లను చూసి అక్కడే నిలబడిపోయిందట, పోపులడబ్బాలో దాచుకున్న డబ్బుతో తర్వాత ఒకటి కొనుక్కుంది. మధ్యలో శివలింగం, పైన గూడు అల్లుతున్న సాలెపురుగు, ఒక పక్క మణి పెడుతున్న పాము, ఇంకో పక్క తొండంతో నీళ్లు పోస్తున్న ఏనుగు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, ఆ మూడు జీవాల పేరే ఊరి పేరు. ముప్పై అయిదేళ్ల పైన మా దేవుడి గదిలో అదే ఉంది.

ఆవిడ పోయి నాలుగేళ్లు. పోయిన కొత్తలో ఎవరో ఒకరు వచ్చేవాళ్లు, తర్వాత ఎవరి పనులు వాళ్లవి, అందులో ఎవరి తప్పూ లేదు. పొద్దున లేస్తే రాత్రి దాకా టీవీ, మధ్యలో షుగరు మాత్రలు. ఒక్కోసారి రెండు రోజులు నా గొంతు నాకే వినపడేది కాదు. మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నాన్నా ఏదైనా నేర్చుకో, చిన్నప్పుడు మా నోటు పుస్తకాలకు అట్టలేసి వాటి మీద పువ్వులు గీసేవాడివి కదా, బొమ్మలు నేర్చుకో అని పోరేది. దాని మాట కాదనలేక ఇక్కడే ఒక డ్రాయింగ్ క్లాసుకు వెళ్లి అడిగితే, ఇది పిల్లలకు సార్, మీ మనవడిని పంపండి అన్నారు. మెట్లు దిగి వచ్చేశాను. ఇంకెక్కడా అడగలేదు.

దీపావళికి ఇల్లు దులుపుతూ ఆ గుడ్డ తీశాను. చేతిలోనే చినిగిపోయింది. ఏనుగు వీపు మీద నల్ల గీత ఎంత మేర ఉందో అంత మేరా, కత్తిరించినట్టు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మర్నాడు దాన్ని మడిచి, పాత పంచెలో చుట్టి, కాళహస్తి బస్సెక్కాను.

నలుగురిని అడిగితే ఒక సందులోకి పంపారు. అక్కడ మా గురువమ్మ ఉంది. వయసు నలభై అయిదు ఉంటుందేమో. ఆ గుడ్డను చేతుల్లోకి తీసుకున్న తీరు చూస్తేనే నాకు సగం బాధ తీరింది, పసిబిడ్డను అందుకున్నట్టు అరచేతులు రెండూ కింద పెట్టి అందుకుంది. వెలుతురులో పెట్టి చూసి, "ఇది కుట్టుకు ఆగదన్నా" అంది. నల్ల గీతకు వాడే సిరాను వాళ్లు కసిం అంటారు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడితే తయారవుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుందట, అందుకే పాత గుడ్డలు ముందు గీత దగ్గరే విడిపోతాయట. "కావాలంటే ఇలాంటిదే ఇంకోటి వేసిస్తాను. లేకపోతే మీరే నేర్చుకొని వెయ్యండి. వదిన గుడ్డ కదా."

ఈ వయసులోనా అమ్మా, అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక పెద్దావిడ ఫొటో చూపించింది. జోధయ్యా బాయి, మధ్యప్రదేశ్‌లో ఉమరియా జిల్లా, బైగా తెగ మనిషి. కట్టెలు కొట్టి, కూలీనాలీ చేసి బతికిన ఆవిడ డెబ్బైకి దగ్గర పడ్డాక కుంచె పట్టింది, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. "ఆ తల్లి కంటే మీరు చిన్నవాళ్లే, మంగళవారం రండి" అంది. రండి అన్న ఆ ఒక్క మాటకు గురువమ్మా, ఏం ఇచ్చి నీ రుణం తీర్చుకోగలను.

వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం. క్లాసులో నేను కాక ఆరుగురు, అందరూ మా మనవళ్ల కంటే కాస్త పెద్ద పిల్లలు. ముందు నెలంతా గీతలే. కలం అంటే చెక్కిన వెదురు పుల్ల, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు, కసింలో ముంచితే ఉన్ని పీల్చుకుంటుంది, వేళ్లతో దాన్ని మెల్లగా నొక్కుతూ పోతే సిరా మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలన్నది ఒకరు చెప్తే వచ్చేది కాదు, ఎక్కువైతే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో తెగుతుంది. షుగరు వల్ల నా వేళ్ల చివర్లు మొద్దుబారి ఉన్నాయి, బొటనవేలు ఏళ్ల తరబడి టికెట్లు చింపి చింపి బిగుసుకుపోయింది. గురువమ్మ నా చెయ్యి పట్టుకొని గీయించలేదు. పక్కన కూర్చొని తన గుడ్డ మీద తను గీసుకుంటూ, "ఊపిరి వదులుతూ లాగండన్నా, బిగపట్టి లాగితే వణుకుతుంది" అని మాత్రం అంది. ఆ మాట పట్టుకొని రోజూ ఇంట్లో గంట కూర్చున్నాను. నలభై రోజులకు ఒక గీత ఈ చివరి నుంచి ఆ చివరికి తెగకుండా వచ్చింది. గుడ్డ మీద పడగానే టీ నీళ్లలా పలచగా ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డను ఇనుము తాకితే వచ్చే నలుపు అది. ఆ నల్లబడటం చూసి నా కళ్లు తడిశాయని రాయడానికి నాకేం సిగ్గు లేదు.

ఒక తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే అప్పుడే ఆ పిల్లల మనసు తెలిసింది. గీత మొదలుపెట్టే ముందు గుడ్డను పాలలో, కరక్కాయ పొడిలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెట్టాలి. గేదె పాలే కావాలి, పాలలో వెన్న ఉంటేనే సిరా పాకకుండా నిలుస్తుంది. ఒకరోజు ఆ పని నేను చేస్తానని అడిగి తీసుకొని, తెలియక వెన్న తీసిన ప్యాకెట్ పాలు కలిపాను. మర్నాడు గీస్తే ఆరుగురి గుడ్డల మీద సిరా అంచులు ఊడి పాకిపోయింది. ఒక డిగ్రీ చదివే అమ్మాయికి కాలేజీలో ప్రదర్శన ఉంది, దానిది కూడా పాడైంది. నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల లేచి వచ్చి, "తాతా, పదండి, ఇద్దరం కలిసి మళ్లీ నానబెడదాం, నాకూ సరిగ్గా రాదు" అంది. దానికి సరిగ్గా వచ్చు, నాకు తెలుసు. సాయంత్రం దాకా ఉండి నాతో పాటు గుడ్డలు పిండింది, దానికి బస్సు తప్పిపోతే వాళ్ల నాన్న బండి మీద వచ్చి తీసుకెళ్లాడు, ఆయన కూడా ఒక్క మాట అనలేదు. తల్లీ, నీ పేరు రాయడం నీకు ఇష్టం లేదన్నావు కాబట్టి రాయడం లేదు. నువ్వు ఇది చదువుతావని తెలుసు.

ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత సురుడు చెక్క, మంజిష్ఠ వేసి ఉడికిస్తారు, పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ఒక్కో రంగుకూ ఒక్కో ఉతుకు. స్వర్ణముఖిలో నీళ్లున్నప్పుడు నదిలో, లేనప్పుడు బోరు దగ్గర. పారే నీళ్లలో గుడ్డను ఆడించాలి, లేకపోతే మిగిలిన పటిక పక్కకు పట్టి అక్కడా ఎరుపెక్కుతుంది. నా మోకాళ్లకు అంత సేపు వంగి నిలబడటం కుదరదు. గురువమ్మ వాళ్ల అబ్బాయి నా గుడ్డ ప్రతిసారీ తనే ఉతికాడు, ఇంటర్ పరీక్షలప్పుడు కూడా. నాయనా, నీకు ఎంత చెప్పినా తక్కువే.

ఫీజు సంగతి కూడా. గురువమ్మ మొదట తీసుకోనంది, పెద్దవాళ్లు అంది. నేను ఒప్పుకోలేదు. ఆ ఇంటికి అదే తిండి, అదే పిల్లల చదువు, కళ కదా అని ఊరికే నేర్పమనడం నా దృష్టిలో అన్యాయం. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ్ చొరవతో 1950ల్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు కాబట్టి ఈ విద్య నిలబడిందని, లేకపోతే చేతులు మారకుండానే పోయేదని గురువమ్మ చెప్తుంది. అదే ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి విద్యను ఒక రిటైరైన కండక్టరుకు ఓపిగ్గా నేర్పినందుకు డబ్బు ఇవ్వడం నా గౌరవం కూడా.

ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు, ఈ వయసులో దానివల్ల నీకేం వచ్చిందని. నిద్ర వచ్చింది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి తెల్లారే దాకా సీలింగ్ ఫ్యాను చూడటం పోయింది. చొక్కా గుండీలు ఎవరి సాయం లేకుండా పెట్టుకుంటున్నాను, కలం నొక్కి నొక్కి వేళ్లు కాస్త మెత్తబడ్డాయి. ఇది మంగళవారమా బుధవారమా అని క్యాలెండరు చూసుకునే పని లేదు. వేలసార్లు తిరిగిన రోడ్డే, ఇప్పుడు బస్సు కిటికీలోంచి చింతచెట్టు కనపడితే కొమ్మ ఎక్కడ చీలిందో, ఆకు గుత్తి ఎటు వాలిందో చూస్తున్నాను. మనవరాలితో ఫోన్లో మాట్లాడటానికి మాటలు దొరుకుతున్నాయి, అది గీసింది నాకు పంపుతుంది, నేను గీసింది దానికి. అన్నిటికంటే, నేను రాకపోతే తాత ఇంకా రాలేదేం అని అడిగేవాళ్లు ఒకచోట ఉన్నారు.

మా పెద్దమ్మాయి ఒకటి చదివి చెప్పింది. 2014లో అచ్చయిన ఒక పరిశోధనట, జర్మనీలో రిటైరైనవాళ్లు 28 మందిని రెండు జట్లు చేశారట. ఒక జట్టు పది వారాలు బొమ్మలు వేసింది, ఇంకో జట్టు మ్యూజియంలో బొమ్మలు చూసి వాటి గురించి మాట్లాడుకుంది. తర్వాత చూస్తే వేసినవాళ్ల మెదడులో కొన్ని భాగాల మధ్య కలయిక పెరిగిందట, చూసినవాళ్లలో అలా కనపడలేదట. 28 మందే కాబట్టి అది చిన్న పరీక్షే, కానీ నాకు మాత్రం నమ్మబుద్ధి అయింది. మా ఆవిడ గుడ్డను ముప్పై అయిదేళ్లు రోజూ చూశాను. ఏనుగుకు ఎన్ని గోళ్లు వేశారో, పాము పడగ మీద చుక్కలు ఎలా తిరిగాయో నేను గీసేదాకా నా కంట్లో పడలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్క మాట. నేర్చుకోండి అని ఫోన్లో చెప్తే కదలరు, నేనూ కదల్లేదు. మొదటి రోజు తీసుకెళ్లి పక్కన కూర్చోండి. క్లాసులు నడిపేవాళ్లకు కూడా, తెల్ల జుట్టు మనిషి గుమ్మంలో నిలబడితే మనవణ్ణి పంపమనకండి. ఆ మనిషి ఎంత ధైర్యం కూడగట్టుకొని మెట్లెక్కాడో మీకు కనపడదు.

ఇంకా కొందరున్నారు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఎప్పుడు గీయాలి అని నేను పదిసార్లు అడిగినా విసుక్కోకుండా జవాబిచ్చిన డాక్టరమ్మకు. క్లాసు రోజుల్లో ఇంటి తాళం పెట్టుకొని, నాకు సాయంత్రానికి కూర పంపే పక్కింటి అక్కయ్యకు. కాళహస్తిలో బస్టాండు దాకా మోసుకెళ్లకుండా సందు మొదట్లోనే దింపే నా తర్వాతి తరం కండక్టర్లకు, డ్రైవర్లకు. పోరి పోరి నన్ను కదిలించిన మా పెద్దమ్మాయికి, గుడ్డ చూసి ఏమీ అనకుండా నా చేతులు కళ్లకద్దుకున్న మా చిన్నమ్మాయికి. అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

పాత గుడ్డను పారెయ్యలేదు. మడత పెట్టకుండా చుట్టి, తెల్ల గుడ్డలో పెట్టి, మా ఆవిడ చీరల మధ్య ఉంచాను. కొత్తది దాని చోట్లో ఉంది. ఏనుగు తొండం ఆవిడ గుడ్డలో ఉన్నంత ఒంపుగా రాలేదు, సాలెపురుగు మాత్రం బాగా వచ్చిందని గురువమ్మ అంది.

వచ్చే మంగళవారం నుంచి ముఖాలు నేర్పుతానంది. కన్నప్ప కథ వేద్దాం, కళ్లు మాత్రం ఆఖర్న దిద్దాలి అంది. పక్కింటి అక్కయ్య వాళ్ల గేదె ఈనింది, పాలు నేనే తెస్తానని చెప్పాను.