నిద్రపట్టని నా బావకి

ఒరేయ్ బావా,

ఉత్తరం అందింది. ప్రార్థన చేస్తే నిజంగా మనసు కుదుటపడుతుందా, లేక నీకు నువ్వే సర్దిచెప్పుకుంటున్నావా అని నిలదీశావు. ఇంత మొహమాటం లేకుండా నువ్వు తప్ప ఎవరడుగుతార్లే!

కుదుటపడుతుందిరా. కాకపోతే నువ్వనుకునే పద్ధతిలో కాదు. కళ్ళు మూసుకుని ఆమేన్ అనగానే గుండె మీది బరువు దిగిపోలేదు. దిగులుకి డాక్టరు రాసిన మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను.

మాత్రలంటే గుర్తొచ్చింది. నాకు ఒంట్లో బాగోలేదని తెలియగానే ఒకాయన ఇంటికొచ్చి, "విశ్వాసం తగ్గింది బాబూ, అందుకే ఈ దిగులు" అని తేల్చేసి, కాఫీ తాగి వెళ్ళాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన బైబిల్లో ఏలీయా కథ లేదా అనిపించింది. నీకు తెలియదేమో, మొదటి రాజులు 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద అంత గెలుపు గెలిచిన ప్రవక్త, యెజెబెలు రాణి చంపేస్తానని కబురంపితే అడవిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి "నా ప్రాణం తీసెయ్యి ప్రభువా" అంటాడు. నిద్రపోతాడు. దూత వచ్చి తట్టి లేపి ఏం చెప్తాడో తెలుసా? ప్రసంగం కాదు. లేచి భోంచెయ్యమంటాడు! తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. తిని, తాగి, మళ్ళీ పడుకుంటాడు. దూత రెండోసారి లేపి తినిపిస్తాడు. "నీ విశ్వాసం ఏమైంది" అన్న మాటే లేదు.

మా శుక్రవారం ఉపవాస కూటంలో ఒక పెద్దావిడ ఉంది. చాప మీద నా పక్కనే కూర్చుంటుంది. అందరూ లేచాక చెవిలో "మాత్ర వేసుకున్నావా నాన్నా? ఏమన్నా తిని వేసుకో" అంటుంది. నన్నడిగితే ఆమే నాకు దూత. ఆ చాప మీద ఎవరైనా ఏడవచ్చు, ఎందుకని ఎవరూ ఆరా తీయరు.

బైబిల్లో కీర్తనలు చదువు. అన్నీ సంతోషాలే అనుకునేవాణ్ణి. 42వ కీర్తనలో దాన్ని రాసినాయన తన ప్రాణాన్ని తానే "నీవేల క్రుంగియున్నావు?" అని అడుగుతాడు. 88వది అయితే చీకట్లోనే ముగుస్తుంది, ఊరడింపు మాట ఒక్కటీ లేకుండా. దాన్నీ దేవుడి పుస్తకంలోనే ఉంచారు చూడు! నోట మాట రాని రాత్రుల్లో నేను దాన్నే ప్రార్థనగా చదువుతాను. శాంతి అంటే నాకు ఇప్పుడదే, నటించక్కర్లేకపోవడం.

వేలూరు సీఎంసీ తెలుసుగా, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. 1900లో ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టరమ్మ చిన్నగా మొదలుపెట్టింది. వేలూరులోనే బాగాయం అనే చోట వాళ్ళకి మానసిక వైద్య విభాగం ఉంది. చేర్చుకుంటే ఇంట్లోవాళ్ళు ఒకరు తోడుండాలి. ప్రార్థించే చేతులే మందులూ రాస్తాయక్కడ.

నువ్వు చర్చికి రానక్కర్లేదు. నిద్ర పట్టడంలేదని రెండుసార్లు రాశావు, అది మాత్రం చూపించుకో. అర్ధరాత్రి మరీ తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. లేదా నాకే చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ