ఆ స్క్రీన్ బిగుసుకుపోవడానికి కారణం దొరికింది

స్క్రీన్ ఎందుకు బిగుసుకుపోతోందని నిన్న అడిగారు కదా, తప్పు నాదే, నేను రాసిన జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) డ్రైవర్‌లో ఉంది. జీపీయూకి ఇచ్చిన జాబ్ అయిపోయిందని ఫెన్స్‌ను (పని పూర్తయిందని చెప్పే గుర్తు, మిగతా కోడ్ దానికోసం ఆగుతుంది) సిగ్నల్ చేసే దారిలోనే జీఎఫ్‌పీ_కెర్నల్‌తో (మెమరీ ఖాళీ చేసేదాకా ఆగగలిగే రకం అభ్యర్థన) మెమరీ అడిగాను. మామూలు రోజుల్లో ఏమీ కాదు. మెమరీ నిండుకున్నప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పాత పేజీలు (మెమరీ ముక్కలు) వెనక్కి లాక్కోబోతుంది, వాటిని జీపీయూ వాడుతుంటే అదే ఫెన్స్ కోసం ఆగుతుంది. ఫెన్స్ మెమరీ కోసం, మెమరీ ఫెన్స్ కోసం. ఇక అంతే సంగతులు.

లినక్స్‌లో ఈ ఫెన్స్‌ను డీఎంఏ-ఫెన్స్ అంటారు, అది ఒకసారి బయటికి ఇచ్చాక ఎప్పటికైనా సిగ్నల్ అయి తీరాలి. జీపీయూ హ్యాంగైనా సరే, టైమౌట్‌లో ఎర్రర్ కోడ్ పెట్టి మరీ సిగ్నల్ చేయాల్సిందే. యూజర్ ప్రోగ్రామ్ ఏదో చేస్తుందని కాచుకుని కూర్చోకూడదు.

ఆ కోడ్‌ను డీఎంఏ_ఫెన్స్_బిగిన్_సిగ్నలింగ్, ఎండ్_సిగ్నలింగ్ అనే ఫంక్షన్ల మధ్య పెట్టి లాక్‌డెప్ (ఒకదానికోసం ఒకటి ఆగి చిక్కుకుపోయే చోట్లను ముందే పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేయండి, హ్యాంగ్ అవకముందే తిట్టేస్తుంది. (ఈ ఫంక్షన్ల జత 2020లో వచ్చింది. అంతకుముందు ఎలా నెట్టుకొచ్చామో!)

అన్నట్టు, ఏ ఫెన్స్ ముందు, ఏది తర్వాత అని చెప్పే 32 బిట్ల సీక్వెన్స్ నంబర్ 4294967295 దాటితే మళ్లీ 0. ఏది పెద్దదని నేరుగా పోల్చకండి, తేడా తీసి సైన్డ్‌గా (ప్లస్, మైనస్ గుర్తు ఉన్న సంఖ్యగా) చూడండి.

ప్యాచ్ (సరిచేసిన కోడ్) సాయంత్రం పెడతాను. ర్యామ్ తక్కువున్న మెషీన్ ఉన్నవాళ్లు కాస్త నడిపి చూడండి.