మొదటి విమానం ఎక్కకపోతే మిగతా టికెట్ గల్లంతేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల ఒక రాత్రి రెండు గంటలప్పుడు శంషాబాద్ విమానాశ్రయం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నా టికెట్ లేదంటాండారు" అన్నాడు. కువైట్‌లో డ్రైవర్ పని వాడిది, రెండు రోజుల్లో డ్యూటీలో చేరాలి. పక్కన తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె, అందులో మా చెల్లెలు దంచి ఇచ్చిన చెనిక్కాయల పొడి.

వాడి టికెట్ చెన్నై నుంచి హైదరాబాద్ మీదుగా కువైట్‌కు. హైదరాబాద్ నుంచి కొంటే ధర ఎక్కువ, చెన్నై నుంచి కొంటే తక్కువ. విమాన సంస్థలు దూరాన్ని బట్టి మాత్రమే కాదు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోటీ ఎంత ఉందో కూడా చూసి ధర పెడతాయి. మా కర్నూలు పక్కన ఓర్వకల్లు విమానాశ్రయంలో 2021లో విమానాలు మొదలైనా గల్ఫ్‌కు పోవాలంటే కర్నూలు వాళ్లకు హైదరాబాదే దగ్గర. "చెన్నై దాకా ఎందుకు, హైదరాబాద్‌లోనే ఎక్కేయ్, ఏం కాదు" అన్నాడట ఏజెంటు. చెన్నైలో ఎక్కలేదు కాబట్టి తర్వాతి ప్రయాణం కూడా రద్దయిందని కౌంటర్‌లో చెప్పారు. రాత్రికి రాత్రి అప్పు తెచ్చి కొత్త టికెట్‌కు డబ్బు పంపాం. తెల్లారి చెల్లెలి గొలుసు కుదవ పెట్టాం.

టికెట్‌లోని విమానాలను వరుస తప్పకుండా ఎక్కాలని చాలా సంస్థల నిబంధన. అది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనకు తెలిసింది బస్సు లెక్క. హైదరాబాద్‌కు టికెట్ తీసుకుని జడ్చర్లలో దిగిపోతే కండక్టర్ ఏమీ అనడు.

ఈ మధ్య కొందరు కుర్రాళ్లు ధర తక్కువని ఇంకా దూరం ఊరికి టికెట్ కొని, విమానం మారే ఊర్లోనే దిగిపోతున్నారు. అది నేరం కాదు, పోలీసు కేసు అవదు. కానీ టికెట్ కొన్నప్పుడు ఒప్పుకున్న షరతును మీరినట్టే. చెక్-ఇన్ చేసిన పెట్టె చివరి ఊరికి వెళ్లిపోతుంది. విమానం ఆలస్యమై వేరే ఊరి మీదుగా పంపితే దిగాలనుకున్న ఊరే రాదు. రానుపోను ఒకే టికెట్ అయితే తిరుగు ప్రయాణం పోతుంది. పదే పదే చేస్తే, తరచూ ప్రయాణించేవాళ్లకు సంస్థ ఇచ్చే మైలేజీ పాయింట్లు తీసేయొచ్చు. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా, ఇలాగే చివరి విమానం ఎక్కని ఒక ప్రయాణికుడి మీద 2,112 యూరోలు కట్టమని బెర్లిన్‌లో దావా వేసింది. కింది కోర్టు కొట్టేసినా ఆ ప్రయాణికుడికి కోర్టు టెన్షన్ తప్పలేదు. ఇలాంటి టికెట్లు వెతికిపెట్టే స్కిప్‌లాగ్డ్ సైట్ మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్ కేసు వేస్తే, 2024లో టెక్సాస్ జ్యూరీ 94 లక్షల డాలర్లు కట్టమంది. అది సైట్ మీద కేసు, ప్రయాణికుల మీద కాదు.

తెలిసి చేసేవాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. నా బాధ తెలియక నష్టపోయేవాళ్ల గురించి. కడప, రాయచోటి, కర్నూలు నుంచి గల్ఫ్‌కు పోయే కూలీల్లో ఎంతమంది ఆ షరతులు చదవగలరు? రైల్లో అయితే ముందుగా చెప్పి బోర్డింగ్ స్టేషన్ మార్చుకోవచ్చు. విమానానికి కూడా, డబ్బు కట్టి టికెట్ కొన్నవాడు ముందే తెలియజేస్తే మధ్య ఊరి నుంచి ఎక్కనివ్వాలి. ఆ సీటు ఖాళీగా పోతే సంస్థకు వచ్చే లాభం ఏముంది?

ఇంకొకటి. ప్రయాణికుడు విమానం ఎక్కకపోయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ఉంది. ఎంత చవక టికెట్ అయినా సరే. మా వాడికి ఆ మాట ఏజెంటు చెప్పలేదు, కౌంటర్‌లోనూ చెప్పలేదు. మేమే తర్వాత తెలుసుకుని విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం.

"మొదటి విమానం ఎక్కకపోతే మిగతాది చెల్లదు" అనే ఒక్క వాక్యం టికెట్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వేయించాలని పౌర విమానయాన శాఖను కోరుతున్నాను. టికెట్ చేతికిచ్చేటప్పుడు ఏజెంటు దాన్ని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కల్లూరు, కర్నూలు