రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ గురించి
సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కుటుంబంతో రెస్టారెంట్‌కు వెళ్లినప్పుడు బిల్లులో కలిపే సర్వీస్ ఛార్జ్ తప్పనిసరిగా కట్టాలా అని కొందరు అడిగినందున ఈ వివరం రాస్తున్నాను.

కట్టనవసరం లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు ఈ రుసుమును తమంతట తాము బిల్లులో కలపకూడదు, వేరే పేరుతో వసూలు చేయకూడదు, దాన్ని కలిపిన మొత్తంపై జీఎస్టీ వేయకూడదు. ఈ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. జీఎస్టీ సంగతి వేరు. అది పన్ను కనుక కట్టవలసిందే. మామూలు రెస్టారెంట్లలో 5 శాతం ఉంటుంది.

కడుపునిండా బిర్యానీ తిన్నాక బిల్లు చదివే ఓపిక ఎవరికీ ఉండదు గానీ, డబ్బు చెల్లించే ముందు ఒకసారి చూసుకొని, ఆ రుసుము కనిపిస్తే తీసివేయమని మేనేజర్‌ను మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే బిల్లు ఫొటో తీసుకొని, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. వడ్డించిన కుర్రవాడితో మాత్రం వాదించకండి, బిల్లు వేసే నిర్ణయం అతనిది కాదు. వడ్డన నచ్చితే టిప్పు అతని చేతికే ఇవ్వడం మేలని నా అభిప్రాయం.