నల్లేరు పచ్చడి పంపుతున్నాను

చి. శీనుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. గౌరి పోయిన గురువారం ఈనింది, పెయ్యదూడ. జున్ను పంపుదామంటే హైదరాబాదు చేరేలోగా విరిగిపోతుందని మీ అమ్మ ఒప్పుకోలేదు. పెరటి గోడ సంగతి మీ పెదనాన్నతో ఇంకా తేలలేదు, అది నువ్వు పట్టించుకోకు.

నువ్వు ఫోను చేసి 23 రోజులయింది. లెక్క పెట్టింది మీ అమ్మ, నేను కాదు. మొన్న బుల్లబ్బాయి కృష్ణానగర్ నుంచి వచ్చి, నీ ఎడమ చేతికి పిండికట్టు చూశానన్నాడు. వాడి మాటల్లో సగం తీసేసి వినాలని నాకు తెలుసు. అందుకే నేనేమీ అడగడం లేదు.

సినిమాలో ఫైట్లు చేసి, నువ్వు చెప్పిన నాలుగు ముక్కలూ ఇంకొకరి గొంతుతో వినిపించారని ఉగాదికి వచ్చినప్పుడు పులిహోర కూడా ముట్టలేదు. అప్పుడే చెప్పవలసింది. బ్రూస్ లీ సినిమా ‘ఎంటర్ ది డ్రాగన్’లో విలన్ హాన్ వేషం వేసిన షి కియెన్ ఉన్నాడే, ఆ గొంతూ ఆయనది కాదు. ఇంగ్లీషు రాదని కీ ల్యూక్ అనే నటుడి చేత చెప్పించారు. అయినా జనానికి గుర్తున్నది ఆ ముఖమూ, ఆ ఇనుప గోళ్ల చెయ్యీ.

ఆయన రాత్రికి రాత్రి అక్కడికి రాలేదు. పుట్టింది 1913లో. హాంకాంగ్‌లో 1949 నుంచి వాంగ్ ఫే-హంగ్ అనే కుంగ్‌ఫూ వీరుడి మీద సినిమాలు వరసగా వచ్చాయి. ఆ వీరుడిగా క్వాన్ టాక్-హింగ్ డెబ్బైకి పైగా సినిమాలు చేస్తే, వాటిలో చాలావాటికి విలన్ మన షి కియెన్. ఇరవై ఏళ్లు ఒకే మనిషి చేతిలో ఓడిపోవడం! ‘దుర్మార్గుడు కియెన్’ అని జనం పేరే పెట్టేశారు. పైగా ఆ వాంగ్ ఫే-హంగ్ వైద్యుడు, విరిగిన ఎముకలు కట్టేవాడు. కొట్టేదీ ఆయనే, కట్టేదీ ఆయనే. నీకు కట్టు కట్టింది సరైన డాక్టరేనా? ఎక్స్‌రే ఫోటో తీయించారా?

నేను సినిమా హాల్లో అసిస్టెంట్ ఆపరేటర్‌గా చేరిన ఏడాది ‘ఎంటర్ ది డ్రాగన్’ మళ్లీ వచ్చింది, ఆదివారం ఉదయం ఆట. మీ నాయనమ్మ క్యారేజీ పట్టుకుని కేబిన్‌కు వచ్చింది. ఆవిడ సినిమాలన్నీ ఆ గోడ కన్నంలోంచి చూసినవే, అదీ నేను తినేదాకా. అద్దాల గది ఘట్టం నడుస్తోంది. ఒక్క హాన్ పదిమందిగా కనిపిస్తున్నాడు, నేల టికెట్ల వాళ్లు బెంచీలెక్కారు. నాయనమ్మ నా భుజం పట్టుకుని, “ఎవడురా ఆ కుర్రాడు, ముసలాయనను పట్టుకుని అలా తంతున్నాడు?” అంది. అతనే హీరో అమ్మా అన్నాను. “ఆయనకు అరవై ఏళ్లుంటాయి కదరా!” అంది. నిజమే, బ్రూస్ లీకి 32, ఆయన అరవైకి అటూ ఇటూ. అవన్నీ ఉత్తుత్తి దెబ్బలే అని చెప్పాను. “దెబ్బ ఉత్తుత్తిదే కావచ్చు, పడటం నిజమే కదా” అంది. ఆవిడకు జవాబు చెబుతూ ప్రొజెక్టరులో వెలుగిచ్చే కార్బన్ కడ్డీ జరపడం మరిచాను. తెర పసుపు తిరిగి, ఆనక చీకటి. ఈలలు, కేకలు, ఎవరో చెప్పు విసిరారు. ఆ నెల జీతంలో అయిదు రూపాయలు కోత పడింది. మళ్లీ వెలుతురు వచ్చాక, చివర ఆయన ఈటెకు గుచ్చుకుని తలుపు మీద వేలాడుతుంటే నాయనమ్మ పెరుగన్నం గిన్నె మూత పెడుతూ, “పాపం, వాళ్లింటికి కబురు పంపారో లేదో” అంది.

సినిమా విడుదల నాటికి బ్రూస్ లీ లేడు. తన్నులు తిన్న మనిషి మాత్రం 2009 దాకా, 96 ఏళ్లు బతికాడు. 1980లో జాకీ చాన్ తీసిన ‘ది యంగ్ మాస్టర్’లో పోలీసు అధికారిగా వేశాడు. అందులో ఆయన కొడుకుగా వేసింది యుయెన్ బియావో అనే నటుడు. పడటం వచ్చినవాడు కాబట్టి అన్నేళ్లు నిలిచాడని నా నమ్మకం. కింద పరుపులు వేశారో లేదో నువ్వే చెయ్యి పెట్టి చూసుకో. అట్టపెట్టెలు సరిపోతాయంటే తల ఊపకు. ఖాళీ కడుపుతో దూకకు. రాత్రి రెండింటి దాకా మేలుకుని పొద్దున్నే ఫైటు అంటే ఒళ్లు మాట వింటుందా? ఉపదేశాలు చేయనని మీ అమ్మకు మాటిచ్చాను, ఇక్కడితో ఆపుతాను. పాలలో పసుపు వేసుకుని తాగు.

అత్తయ్య నల్లేరు పచ్చడి చేసింది. ఎముకలకు మంచిదని కాదు, ఊరికే చేసింది. నూనె కారకుండా సీసా మూత బలంగా బిగించాను. ఒంటి చేత్తో రాదు. పక్క గది అబ్బాయిని అడుగు. మూత ఎవరు తీశారో మాత్రం రాయి.

నాన్న