టమాటా దొంగతనానికి బీమా ఏది?

అయ్యా, బెంగళూరులో టమాటా ధర పెరిగితే అందరం గోల చేస్తాం గానీ, ఆ పంట మనదాకా రావడానికి రైతు ఎన్ని గండాలు దాటాలో ఎవరికీ పట్టదు. మాది మదనపల్లె వైపు. పగలు ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే పూత పిందె కట్టకుండానే రాలిపోతుంది, తర్వాత అకాల వర్షానికి కాయ పగులుతుంది, ఇవన్నీ దాటి నాలుగు డబ్బులు కళ్లజూసే వేళకు దొంగల టెన్షన్. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు హాసన్ జిల్లాలో రాత్రికి రాత్రే తోటలో కాయలు కోసుకుపోయారు. మా వైపు బోరు మోటారు కేబుల్‌ని రాగి కోసం నరికి ఎత్తుకెళ్తారు, కొత్తది వేసేదాకా తోటకు చుక్క నీరుండదు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో దొంగతనానికి పరిహారమే లేదు. ఇది మార్చాలి. కోత రోజుల్లో రాత్రి గస్తీ పెంచాలి, పాత రాగి కొనే దుకాణాలను తనిఖీ చేయాలి.

ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు