బ్లేడు ఎటు వాలాలో చెప్పలేదు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో ఇంటి వడ్రంగం మీద వేసిన వ్యాసాన్ని మా షెడ్డు కుర్రవాడు చదివి వినిపించాడు. మూడు పలకల దీపస్తంభం గురించి బాగానే రాశారు. ఫొటో చూశాకే నాకు గుండె ఝల్లుమంది. బెత్తెడు ఎత్తున్న ఫెన్సుకు, అంటే పలకను ఆనించి తోసే అడ్డుపట్టీకి ఆనించి, రెండడుగుల పలకను నిలువుగా చేత్తో పట్టుకుని, టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే యంత్రం) మీదికి తోస్తున్నారు. బెంగళూరు మైసూరు రోడ్డులో, టింబర్ యార్డ్ లేఅవుట్ దగ్గర ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఊరుకోలేక రాస్తున్నాను.

మూడు పలకలు ముక్కోణంగా కలవాలంటే ప్రతి అంచూ 30 డిగ్రీల కొసగా రావాలి. పలకను పడుకోబెట్టి కోస్తే బ్లేడు 60 డిగ్రీలు వాలాలి. మామూలు యంత్రం 45 దగ్గరే ఆగుతుంది. అందుకని పలకను నిలబెట్టి, బ్లేడును 30కి వాల్చి కోస్తాం. ఇంతవరకు మీ వ్యాసం సరే. బ్లేడు ఎటు వాలాలో మాత్రం రాయలేదు.

బ్లేడు తల ఫెన్సుకు దూరంగా వాలాలి. అప్పుడు తెగిన ముక్క బయటి వైపు పడిపోతుంది. ఫెన్సు వైపు వాలిందా, ఆ ముక్క బ్లేడుకూ ఫెన్సుకూ మధ్య ఇరుక్కుంటుంది. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పళ్ల వేగం గంటకు 190 కిలోమీటర్లు. ఇరుక్కున్న ముక్క వచ్చేది కోసేవాడి మీదికే. మా షట్టరుకు రూపాయి బిళ్లంత సొట్ట ఇప్పటికీ ఉంది. కుడివైపు వాలే యంత్రం కొత్తగా కొన్న వారం అది. పాత అలవాటు కొద్దీ ఫెన్సును బ్లేడుకు కుడిపక్కనే ఉంచాను, ఎడమపక్కకు మార్చుకోవాల్సింది. వేలి లావు టేకు ముక్క నా నడుము పక్కనుంచి జానెడు దూరంలో పోయింది.

తర్వాత ఆసరా సంగతి. అడుగు ఎత్తు ప్లైవుడ్‌ను ఫెన్సుకు మరలతో బిగించాలి. కోసే పలకకు ఒక చెక్కపట్టీని అడ్డంగా క్లాంపులతో పట్టించి, అది ప్లైవుడ్ పైఅంచు మీద జారేటట్లు చూస్తే పలక ఒరగదు, కిందికి దిగబడదు. బ్లేడు చుట్టూ ఉన్న ప్లేటులో సందు వెడల్పైతే సన్నని కొస అందులోకి జారుతుంది. బ్లేడు మందానికే చీలిక ఉన్న చెక్క ప్లేటు చేసుకోవాలి. కొసను కత్తి అంచులా తేకూడదు. ఒక మిల్లీమీటరు చదును వదిలేసి, మిగిలింది చిత్రిక పట్టాలి. ఈ కోతకు బ్లేడు పైనున్న గార్డు (రక్షణ కవచం) చాలా యంత్రాలలో తీయక తప్పదు, కానీ కోత మూసుకుపోకుండా బ్లేడు వెనుక ఉండే రేకును తీయవద్దు. చిన్న ముక్కలైతే యంత్రం జోలికే పోవద్దు, చేతిరంపం ఉంది.

అన్నట్టు, ఫొటోలోని పెద్దమనిషి చేతులకు గ్లౌజులు కూడా ఉన్నాయి. తిరిగే బ్లేడు గుడ్డను పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది.

అపార్టుమెంట్లలో పనిచేసే మావాళ్లు కరెంటు చేతిరంపాన్ని తిరగేసి ప్లైవుడ్ బల్లకు బిగించుకుంటారు. వాటిలో చాలావాటికి గార్డూ ఉండదు, వెనుక రేకూ ఉండదు. మీ ఫొటో చూసి ఎవరైనా దాని మీదే ఈ కోత కోయబోతారేమోనని నా భయం. వచ్చే ఆదివారం సరైన ఫొటో వేయండి. కావాలంటే మా షెడ్డుకు రండి, ఎత్తు ఫెన్సు సిద్ధంగానే ఉంది. పొద్దున పదింటిలోపు వస్తే వెలుతురు బాగుంటుంది.

ఇట్లు,
ఒక వడ్రంగి, బెంగళూరు